దేవకీనందన్ ఖత్రీ ‘చంద్రకాంత’: పాఠకాదరణ, సాహిత్య చరిత్ర తీర్పు

ఆచార్య రామచంద్ర శుక్ల 1929లో వెలువరించిన హిందీ సాహిత్య చరిత్రలో దేవకీనందన్ ఖత్రీ (1861–1913)కి దక్కిన స్థానం విచిత్రమైనది. హిందీకి ఖత్రీ సంపాదించిపెట్టినంతమంది పాఠకులను మరే రచయితా సంపాదించలేదని, ‘చంద్రకాంత’ చదవడం కోసమే ఉర్దూ మాత్రమే తెలిసిన ఎందరో హిందీ నేర్చుకున్నారని శుక్ల ఒప్పుకున్నారు. ఆ వెంటనే, ఈ నవలల లక్ష్యం ఘటనా వైచిత్ర్యమే తప్ప రసపోషణ, భావ ప్రకటన, పాత్రచిత్రణ కావు కనుక ఇవి సాహిత్య కోటిలోకి రావని తీర్పు చెప్పారు. పీట వేసినట్టే వేసి లాగేసినట్టున్న ఈ తీర్పు తరవాతి చరిత్రకారులకు చాలాకాలం సౌకర్యంగా పనికివచ్చింది. పాఠకులను సృష్టించిన ఘనత ఒక పక్కన, సాహిత్యం కాదన్న నింద మరో పక్కన నిలిచాయి. ఈ రెండింటికీ సంబంధం ఏమిటన్న ప్రశ్న మాత్రం వెనకబడింది.

ఆ సంబంధం నవలలోనే ఉందని ఈ వ్యాసం ప్రతిపాదన. ‘చంద్రకాంత’ కథావస్తువు పైకి ప్రేమ, యుద్ధం, మాయ. లోపల అది చదవడం గురించిన నవల. చదువు కొత్తగా పట్టుబడుతున్న పాఠకుడిని అది ఆకట్టుకున్న తీరునూ, అతడిని నూట ముప్పై ఏళ్లుగా విడవని తీరునూ ఈ కోణం నుంచే పరిశీలించవలసి ఉంది.

ముందుగా కథ. నౌగఢ్ రాకుమారుడు వీరేంద్రసింహుడు, విజయగఢ్ రాకుమారి చంద్రకాంత ప్రేమించుకుంటారు. విజయగఢ్ మంత్రి కొడుకు క్రూరసింహుడు ఆమెను కోరి, అది సాగక చునార్ రాజు శివదత్తుణ్ణి ఆశ్రయిస్తాడు. ఇరుపక్షాల తరఫునా పోరాడేది సైన్యాల కంటే ఎక్కువగా అయ్యార్లు, అంటే వేషాలు మార్చి, మత్తుమందు జల్లి, తాడు విసిరి కోటగోడలెక్కే గూఢచారులు. వీరేంద్రుడి మిత్రుడు తేజసింహుడు, చంద్రకాంత చెలికత్తె చపల వారిలో మేటి. చంద్రకాంత ఒక తిలిస్మ్‌లో చిక్కుకుంటుంది. దాన్ని ఛేదించి ఆమెను విడిపించడం మిగతా కథ.

ఈ స్థలాలేవీ కల్పితం కావు. చునార్ మీర్జాపూర్ జిల్లాలో గంగ ఒడ్డున ఉన్న కోట. విజయగఢ్ సోన్‌భద్ర కొండల్లోని పాత దుర్గం, నేటికీ ప్రజల నోట అది చంద్రకాంత కోటే. కాశీ రాజుగారి ఏలుబడిలోని చకియా, నౌగఢ్ అడవులకు ఖత్రీ కొంతకాలం గుత్తేదారుగా ఉన్నారు. ఆ వృత్తి ఆయనను గుహలు, వాగులు, కూలిన కోటగోడల మధ్య తిప్పింది. 1888లో కాశీలో ‘చంద్రకాంత’ మొదలైనప్పుడు దాని భూగోళం పాఠకుడు రెండు మూడు రోజుల ప్రయాణంలో చూసిరాగలిగినది. అద్భుతం అల్లంత దూరాన కోహ్‌కాఫ్ పర్వతాల మీద కాక పక్క తాలూకాలో జరగడం ఈ నవల సాధించిన తొలి విజయం.

దాస్తాన్ నుంచి పుస్తకానికి

‘తిలిస్మ్’, ‘అయ్యార్’ రెండూ అరబ్బీ మూలం నుంచి ఫారసీ, ఉర్దూ దాస్తాన్ల గుండా వచ్చిన మాటలే. ‘చంద్రకాంత’ కంటే అయిదేళ్ల ముందు, 1883లో, లక్నోలోని నవల్‌కిశోర్ ముద్రణాలయం ముహమ్మద్ హుసేన్ జాహ్ రచించిన ‘తిలిస్మే హోష్‌రుబా’ను సంపుటాలుగా వెలువరించడం ప్రారంభించింది. అమీర్ హంజా కథాచక్రంలోని ఆ మహాగ్రంథంలో తిలిస్మ్ అంటే మాంత్రికులు సృష్టించిన మాయాలోకం. దాన్ని ఛేదించవలసినవాడికి ‘లౌహ్’ అనే పలక దొరుకుతుంది. ఏ అపాయంలో ఏం చేయాలో ఆ పలకే చెబుతుంది.

ఖత్రీ ఈ సామగ్రినంతా తీసుకున్నారు, కానీ మంత్రాన్ని తీసేశారు. ఆయన తిలిస్మ్‌లో జిన్నులు, దెయ్యాలు లేవు. పూర్వపు రాజులు ధనం దాచడానికి శిల్పులచేత, పండితులచేత కట్టించిన యంత్రగృహం అది. మనిషిని మింగే తెల్లరాతి కొంగ ఉంది. దగ్గరికి వెళ్లినవాడికి అది రాక్షసం, దాని కట్టడం తెలిసినవాడికి యంత్రం. మాంత్రికుడు ఉన్నచోట పాఠకుడు నోరు తెరుచుకుని చూడవలసిందే. యంత్రం ఉన్నచోట, ఇది ఎలా పనిచేస్తుంది అని అడిగే హక్కు అతడికి వస్తుంది. ఖత్రీ జవాబు చెబుతారు కూడా, అయితే వెంటనే కాదు. ఆ ఆలస్యమే ఆయన కథనశిల్పం.

‘లౌహ్’ విషయంలో జరిగిన మార్పు మరింత ముఖ్యం. దాస్తాన్‌లో పలక అద్భుత వస్తువు, అది తనంతట తాను పలుకుతుంది. ‘చంద్రకాంత’లో దాని స్థానంలో పుస్తకం వచ్చింది. శిథిల భవనంలో అరుగు మీద ఒక రాతి మనిషి పుస్తకం చేతబట్టి పడుకుని ఉంటాడు. ఒక ముద్రిత నవలలో తాళంచెవి ఉండవలసిన చోట చదువుకుంటున్న మనిషి బొమ్మ కనిపించడం యాదృచ్ఛికం అనుకోలేం. తిలిస్మ్ గ్రంథాన్ని సంపాదించి, చదివి, చెప్పినది చెప్పినట్టు చేసినవాడికే తలుపులు తెరుచుకుంటాయి. కత్తిబలం అక్కడ పనికిరాదు. వీరేంద్రసింహుడు చునార్‌ను జయించినా చంద్రకాంతను విడిపించలేడు. అతడు మళ్లీ విద్యార్థి కావలసి వస్తుంది.

నాగరి అక్షరాలు కూడబలుక్కుంటూ ఈ నవల చదువుతున్న కాశీ వర్తకుడో, కచేరీ గుమాస్తానో ఇక్కడ తనను తాను చూసుకుని ఉంటాడని ఊహించడం అతిశయోక్తి కాదు. కథానాయకుడు చేస్తున్న పనీ, పాఠకుడు చేస్తున్న పనీ ఒకటే.

ఇదే దశాబ్దాల తెలుగు రచనతో పోలిస్తే భేదం స్పష్టమవుతుంది. మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీ మజిలీ కథలు’లో కథలన్నీ కాశీకి పోయే దారిలోనే నడుస్తాయి. మజిలీ మజిలీకీ మణిసిద్ధుడు చెబుతాడు, గొల్లపిల్లవాడు వింటాడు. అచ్చుపుస్తకంలో ఉన్నా అది శ్రవణ సంప్రదాయాన్నే నాటకీకరించింది, పాఠకుడిని శ్రోత స్థానంలో కూర్చోబెట్టింది. ఖత్రీ అధ్యాయాలకు ‘బయాన్’ అని పేరు పెట్టి, ‘పాఠకా’ అని నేరుగా పలకరిస్తూ, నోటి కథనపు గొంతును నిలుపుకొన్నప్పటికీ కథలోని కీలకాన్ని కంటికి అప్పగించారు. కాశీకి వెళ్లే కథకూ కాశీలో అచ్చయిన కథకూ ఉన్న ఈ తేడా తులనాత్మక పరిశోధనకు ఇంకా మిగిలి ఉన్న అంశం.

అనుమానించే పాఠకుడు

అయ్యారీ కూడా పఠనశిక్షణే. ఈ నవలలో ముఖం నమ్మదగినది కాదు. చెలికత్తె రూపంలో వచ్చినది శత్రు గూఢచారి కావచ్చు, బందీ వేషంలో ఉన్నది మిత్రుడు కావచ్చు. అందుకే అయ్యార్లు తమలో తాము రహస్య సంకేతాలు చెప్పుకుని పోల్చుకుంటారు. రెండు మూడు మోసాలు చూశాక పాఠకుడు ప్రతి కొత్త పాత్రనూ అనుమానంతో చదవడం నేర్చుకుంటాడు. పాత్రచిత్రణ లేదన్న శుక్ల ఆక్షేపణకు ఇక్కడ పాక్షికంగానైనా సమాధానం దొరుకుతుంది. మనిషి లోపలి మనసును తవ్వే పని ఈ నవల పెట్టుకోలేదు, మనిషిని ఎలా గుర్తుపట్టాలన్నదే దాని సమస్య. ఒక సాహిత్య ప్రక్రియ తాను తలపెట్టని పని చేయలేదని దాన్ని తప్పుపట్టడం విమర్శ ధర్మం కాదు.

అయ్యార్ల నీతి కూడా గమనించదగినది. చిక్కిన అయ్యార్‌ను చంపకూడదు, బంధించవచ్చు. గెలిచిన పక్షాన్ని అతడు మనస్ఫూర్తిగా అంగీకరిస్తే కొలువులోకీ తీసుకోవచ్చు. శివదత్తుడి అయ్యార్లు పండిత్ బద్రీనాథ్, పన్నాలాల్ వంటివారు చివరికి వీరేంద్రుడి పక్షానికే వస్తారు. ఇంత పోరాటంలోనూ నైపుణ్యమే తప్ప నెత్తురు ముందుకు రాకపోవడం వల్ల ఇంట్లో అన్ని వయసులవాళ్లూ ఒకరి చేతి నుంచి ఒకరు లాక్కుని చదవగలిగిన పుస్తకంగా ఇది నిలబడింది.

పాఠకాదరణ అన్నంతమాత్రాన అన్నింటినీ వెనకేసుకురానక్కరలేదు. క్రూరసింహుడి అయ్యార్లు నాజిమ్, అహ్మద్ ముస్లింలు. దాస్తాన్ సంప్రదాయం నుంచి అంత అప్పు తీసుకున్న నవల, ఆ సంప్రదాయాన్ని పోషించిన సమాజానికి తొలి అధ్యాయాల్లోనే దుష్టపక్షాన్ని కేటాయించడం కాలపు నీడ. 1893లో నాగరీ ప్రచారిణీ సభ కాశీలోనే ఏర్పడింది. 1900లో ఆ రాష్ట్ర కచేరీలలో నాగరికి అనుమతి వచ్చింది. ‘చంద్రకాంత కోసం హిందీ నేర్చుకున్నారు’ అన్న మాట ఈ లిపి వివాదంలో సాక్ష్యంగా ఎంత పనికివచ్చిందో ఊహించవచ్చు. లెక్కకు అందని ఆ ప్రచారాన్ని అక్షరసత్యంగా తీసుకోకుండానే, దాన్ని అంతమంది ఎందుకు నమ్మదగినదిగా భావించారని అడగడం పరిశోధకుడికి లాభదాయకం. జవాబులో కొంత భాషదే. ఖత్రీ రాసినది సంస్కృత సమాసాల హిందీ కాదు, బజారులో హిందువూ ముస్లిమూ కలిసి మాట్లాడే హిందుస్తానీ. లిపి మాత్రమే మారింది. ఉర్దూ చదువరికి కొత్తగా నేర్చుకోవలసినవి అక్షరాలే గాని భాష కాదు.

చంద్రకాంత పాత్ర మరో లోటు. పేరు ఆమెది, కథ ఇతరులది. తెలివి, చొరవ, సాహసం అన్నీ చపలకే దక్కాయి. రాకుమారి కంటే చెలికత్తె గుర్తుండిపోవడానికి కారణం అదే.

సంతతి, భూత్‌నాథ్

ఆదరణ చూసి ఖత్రీ ఇరవై నాలుగు భాగాల ‘చంద్రకాంత సంతతి’ రాశారు. 1898లో సొంతంగా లహరీ ముద్రణాలయం పెట్టారు. వీరేంద్రుడి కొడుకులు ఇంద్రజిత్, ఆనంద్‌ల కథ అది. సగం దాటాక చిక్కుముళ్లు వేయడం మీద ఉన్న ఉత్సాహం విప్పడం మీద ఉండదు, వివరణలు పేజీలకు పేజీలు సాగుతాయి. దాన్ని నిలబెట్టినది భూత్‌నాథ్ అనే అయ్యార్. గొప్ప నేర్పరి, గతంలో నేరాలు చేసినవాడు, వాటికి సాక్ష్యమైన కాగితాల కట్ట ఎవరి చేతిలో పడుతుందోనని హడలిపోయేవాడు. తిలిస్మ్ గ్రంథం కథానాయకులకు విముక్తి అయితే, ఈ కాగితాలు భూత్‌నాథ్‌కు ఉరి. చదువు తెరిచే తలుపుల గురించే చెబుతూ వచ్చిన ఖత్రీ, ఒకరు చదివితే మరొకరి బతుకు బయటపడిపోతుందన్న భయాన్ని ఇక్కడ పట్టుకున్నారు. శుక్ల కోరిన పాత్రచిత్రణకు ఆయన అత్యంత చేరువగా వచ్చినది ఈ పాత్రలోనే.

1994లో నీర్జా గులేరీ దూరదర్శన్ ధారావాహికగా తీసినప్పుడు తెలుగు ఇళ్లలోనూ ‘చంద్రకాంత’ తెలిసింది. క్రూరసింహుడి ‘యక్కూ’ అనే ఊతపదం హిందీ రాని పిల్లల నోళ్లలోనూ నానింది. కానీ ఆ ధారావాహిక నవలకు చాలా దూరం వెళ్లింది. దాని ద్వారా ఏర్పడిన అభిమానాన్నీ పుస్తకం మీది అభిమానాన్నీ ఒకే లెక్కలో వేయకూడదు.

‘సంతతి’ ముగిశాక భూత్‌నాథ్ జీవితచరిత్రనే విడి నవలగా మొదలుపెట్టిన ఖత్రీ, కొన్ని భాగాలు రాసి 1913లో మరణించారు. మిగిలినది ఆయన కుమారుడు దుర్గాప్రసాద్ ఖత్రీ పూర్తిచేశారు.