కుట్టులేని వస్త్రము, కట్టున్న కవచము

జగ్గయ్యపేట ధనంబోడు స్తూపశిథిలములను 1882లో జేమ్స్ బర్జెస్ పరిశోధించిన పిమ్మట లోకమునకు తెలియవచ్చి, నేడు చెన్నపురి మ్యూజియమున నున్న మాంధాతృ చక్రవర్తి శిలాఫలకమును చూడబోయినవారెల్ల మొదట మేఘములనుండి రాలు నాణెములను, ప్రభువు చుట్టును నిలిచిన సప్తరత్నములను చూతురు. అవి చూడదగినవే. కాని నందిగామలో పుట్టి, పంచె తప్ప వేరొక ఉడుపు ఎరుగని పెద్దల నడుమ పెరిగిన నాకు మాత్రము కన్ను నిలుచునది ఆ ప్రభువు నడుముకడ. క్రీస్తుకు పూర్వము ఒకటవ శతాబ్దినాటిదని పండితులు చెప్పు ఆ చెక్కడము మిక్కిలి లోతు తక్కువైనది. అయినను సున్నపురాతిపై ఆ కొద్దిపాటి లోతులోనే వస్త్రము దేహమును చుట్టిన తీరును, నడుముకట్టు దానిని పట్టి నిలిపిన తీరును చూపగలిగిన ఆ శిల్పి, తానును ప్రతి ఉదయము అట్టి వస్త్రమునే కట్టుకొన్నవాడై యుండునని నా నమ్మకము.

పంచెకట్టు చూచుటకు సులభము. బట్టను వెనుకనుండి త్రిప్పి, రెండు కొసలను ముందునకు తెచ్చి, సమముగా సరిచూచుకొని, బొడ్డుకడ ముడివేసి, ఒక కొసను కాళ్ళనడుమనుండి వెనుకకు తీసి గోచి దోపి, రెండవ కొసను వ్రేళ్ళనడుమ కుచ్చెళ్ళుగా మడచి, అంచుపై అంచు పడునట్లు దిద్ది ముందు దోపుట; ఇంతే. నాకు నేర్పునప్పుడు మా తాతగారు, "ఒరే అబ్బాయి, బిగువు నడుములో ఉండాలిరా, గుడ్డలో కాదు" అనెడివారు. ఈ విద్యయందు అంతకు మించిన సూత్రమును నేనింతవరకు వినలేదు.

యవనుల కైటన్ అను ఉడుపును గురించి చదివినప్పుడు ఆ సూత్రమే నాకు మరల కన్పట్టినది. అదియును కత్తిరించి దేహపుకొలతకు కుట్టినది కాదు. దీర్ఘచతురస్రపు బట్టను ఒంటికి చుట్టి, భుజములపై బిగించి, నడుమున దట్టీతో బంధించెడివారు. ఏథెన్సు స్త్రీలు, యుద్ధమునుండి ఒంటరిగా తిరిగివచ్చిన సైనికుని "మా భర్తలెక్కడ?" అని చుట్టుముట్టి అప్పటి తమ ఉడుపు సూదులతోనే పొడిచి చంపిరనియు, అందుచే పురజనులు వారిచేత సూదులక్కరలేని నారబట్ట కైటనును ధరింపజేసిరనియు హెరొడోటసు వ్రాసినాడు. డెల్ఫీలో 1896లో దొరకిన సారథి కంచువిగ్రహమును చూడుడు: నిలువుటంగీ మడతలు రొమ్ముక్రింది దట్టీనుండి పాదములవరకు జారుచుండును, రథవేగమున గాలికి బట్ట ఉబ్బకుండ భుజములమీదుగాను చంకలక్రిందుగాను ఒక త్రాడు పోనిచ్చి వీపున బంధించినారు. వేడుకకై గాక పనికై కట్టిన కట్టది. నాగటిపనికి పోవునప్పుడు పంచెను మోకాళ్ళపైకి ఎగగట్టు మా మెట్టసీమ రైతు దానిని చూచిన వెంటనే గ్రహించును.

ఆ పేరే 1758లో లినేయసు ఒక సముద్రజీవికి పెట్టినాడు. సముద్రపురాళ్ళను అంటియుండి, తడిసిన రాతిరంగులో కలసిపోవు ఆ కైటనును గుర్తించుటకే ఓర్పు కావలయును. వీపున ఒకదానిపై నొకటి కప్పుకొన్న ఎనిమిది పెంకులు, వాని చుట్టును తోలువంటి దళసరి దట్టీ. రాతిమీది పాచిని గీకి తినుటకు దాని నాలుకపై వరుసలుగా నున్న పండ్లు అయస్కాంతధాతువుతో గట్టిపడి యుండునని 1962లో లోవెన్‌స్టామ్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనినాడు. నన్ను మిగుల ఆకర్షించినది మాత్రము దట్టీయే. ఆ పెంకులు మా జగ్గయ్యపేట సున్నపురాతిలోని ద్రవ్యముచేతనే ఏర్పడినవి, వంగుట యెరుగనివి. అయినను ఆ ఎనిమిదింటిని పట్టియుంచు మెత్తని కట్టువలన ఆ జీవి రాతిగుంటల వంపులకెల్ల వంగును, ఊడదీసినచో ముడుచుకొని బంతియగును. బట్టవలె మెత్తనిదానికి ఆకృతి నిచ్చునదియు, పెంకువలె కఠినమైనదానికి వంపు నిచ్చునదియు కట్టే.

మొదట చెప్పిన ఆ ధనంబోడుననే మాఠరీపుత్ర వీరపురుషదత్తుడను రాజుయొక్క 20వ రాజ్యసంవత్సరమున సిద్ధార్థుడను పనివాడు మహాచైత్యపు తూర్పుద్వారముకడ అయిదు ఆయక స్తంభములు నిలిపినట్లు శాసనమున్నది. తన పేరుతోపాటు తన వృత్తిని సగర్వముగా చెప్పుకొన్న ఆ పనివాని ఊళ్ళకు పొరుగువారమైన మనము, నేడు పెండ్లికుమారులకు వెల్క్రో పట్టీ అతికిన రెడీమేడ్ పంచెలు కొనుచున్నాము. కుచ్చెళ్ళు యంత్రమే కుట్టి యిచ్చుచున్నది. ఇది నాకు నిజముగా బాధ.

కావున ఈ పెండ్లిండ్ల కాలమున యువకులకు నా మనవి. నాలుగుగజముల నేతపంచె నొకటి తెచ్చి, ఒకమారు ఉతికి కొత్తగంజి పోగొట్టి, ఇంటి పెద్దవారి యెదుట కట్టి చూడుడు. మొదట జారును. ముడిని బొడ్డుకు కొంచెము దిగువగా వేసి, ఊపిరి విడిచి, కడుపు లోనికి తీసికొని, అప్పుడు కుచ్చెళ్ళు దోపుడు. ఊపిరి తీసికొనగానే నడుమే దానిని పట్టుకొనును.