సూటిగా పరుగెత్తించే చేతిపని

డ్రాగ్ రేసు అనగానే అందరూ ఇంజన్ గురించే మాట్లాడతారు. పావు మైలు, అంటే 1320 అడుగుల తిన్నని దారి. మలుపే లేని చోట ముందు చక్రాలకు పనేముంటుందని చాలామంది అనుకుంటారు. నన్నడిగితే డ్రైవర్ ప్రాణం ఉండేది ఆ చక్రాల అమరికలోనే.

అమెరికాలో 1950, 60 దశకాల్లో ‘గ్యాసర్’ కార్లు ఒక వెలుగు వెలిగాయి. 1941 విల్లీస్ కూపేలాంటి తేలికపాటి పాత కారుకు పెద్ద ఇంజన్ ఎక్కించి, ముందు భాగం కింద అడ్డంగా ఒకే ఇనుప యాక్సిల్, కమాన్ కట్టలు బిగించేవారు. ముక్కు ఎత్తుగా ఉంటే బయల్దేరేటప్పుడు బరువు వెనక టైర్ల మీదికి పోతుందని, పట్టు బాగా దొరుకుతుందని వాళ్ల లెక్క. ఒక్కోసారి ముందు చక్రాలు నేల వదిలేస్తాయి. తిరిగి దిగేటప్పుడు అవి ఏమాత్రం పక్కకు తిరిగి ఉన్నా కారు గోడవైపు దూకుతుంది.

అందుకే క్యాస్టర్‌కు అంత విలువ. కింగ్‌పిన్ (ముందు చక్రం కుడిఎడమలకు తిరగడానికి ఆధారమైన కడ్డీ) పైకొన వెనక్కి వాలి ఉండటమే క్యాస్టర్. సైకిల్ హ్యాండిల్ వదిలేసినా ముందుకే సాగడానికి దాని ఫోర్క్ వాలు కూడా ఒక కారణం; ఇక్కడా అంతే. యాక్సిల్‌కూ కమాన్ కట్టకూ మధ్య ఏటవాలు పలకలు పెట్టి ఈ వాలు తెస్తారు. మామూలు కార్లకన్నా ఎక్కువగా, 7 నుంచి 10 డిగ్రీల దాకా కూడా ఇస్తారు. నెమ్మదిగా నడిపేటప్పుడు స్టీరింగ్ బరువెక్కుతుంది, జాయింట్లు అరిగి ఉంటే చక్రాలు గజగజ ఊగుతాయి కూడా. కాబట్టి ముందుగా కింగ్‌పిన్‌లు, బేరింగులు వదులు లేకుండా చూసుకోవాలి. ఇంకో సంగతి: వెనక ఎత్తు టైర్లు వేస్తే ముక్కు కిందికి దిగి, క్యాస్టర్ ఆ మేరకు తగ్గిపోతుంది. టైరు మార్చినప్పుడల్లా మళ్లీ కొలవాల్సిందే.

క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం, సున్నాకు దగ్గరగా ఉంటే చాలు. ఒకే కడ్డీ యాక్సిల్‌కు దాన్ని మార్చాలంటే ఇనుమునే వంచాలి.

చివరిది టో, అంటే పైనుంచి చూస్తే ముందు చక్రాల ముందుకొనలు లోపలికో బయటికో తిరిగి ఉండటం. క్యాస్టర్ కదిపితే టో మారుతుంది కనుక దీన్ని ఆఖరునే చూస్తారు. సమతలమైన నేల మీద, సీట్లో డ్రైవరంత బరువు పెట్టి, స్టీరింగ్ తిన్నగా నిలుపుతారు. ఒక్కో ముందు చక్రాన్ని జాకీతో లేపి, తిప్పుతూ టైరు మీద సుద్ద పూసి, కదలకుండా పట్టుకున్న మేకుతో చుట్టూ సన్నని గీత గీస్తారు. కారు దించి, టైర్లు సర్దుకునేలా కాస్త ముందుకు తోస్తారు. రెండు గీతల మధ్య దూరం టైర్ల ముందువైపు, వెనకవైపు యాక్సిల్ ఎత్తులో కొలుస్తారు. ముందువైపు కొలత ఒకటిన్నర నుంచి మూడు మిల్లీమీటర్లు తక్కువ రావాలి. వేగంలో గాలి, రోడ్డు రాపిడి చక్రాలను బయటికి నెడతాయి; ఆ కాస్త లోపలి మొగ్గు దానికి సరిపోయి అవి సమాంతరంగా పరుగెడతాయి. తేడా ఉంటే రెండు ముందు చక్రాలను కలిపే టై రాడ్ తిప్పి, కారును మళ్లీ ముందుకే తోసి కొలవాలి. లేజర్ యంత్రాలు వచ్చినా ఈ సుద్దగీతను నేను తక్కువగా చూడను.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్తే, కాలిఫోర్నియాలో బేకర్స్‌ఫీల్డ్ దగ్గరి ఫమోసో డ్రాగ్ స్ట్రిప్ కూడా చూసి రండి, పాత కార్ల పందేలకు అది పేరున్న చోటు. అక్కడ ఇంజన్ చూసి వచ్చేయకండి, వంగి ముందు యాక్సిల్ కూడా చూడండి.