ఆఖరి వంతు నాయినది

పత్తి ఏరడానికి, మిరప కోతకు, నాట్లకు పోయేవాళ్లు పొద్దున్నే సద్ది కట్టుకొని ఇల్లు విడుస్తారు. తిరిగొచ్చి, స్నానాలు చేసి, అందరూ ఒకచోట కూర్చునే సరికి చీకటి పడుతుంది. అందుకే మా నెక్కొండ దిక్కు క్రైస్తవ కుటుంబాల్లో ఇంటి ప్రార్థన రాత్రిపూట పెట్టుకుంటాం. చాప పరుస్తాం, టీవీ ఆపుతాం, పిల్లలకు నిద్ర రాకముందే మొదలుపెడతాం. అన్నానికి ముందా, తర్వాతా అన్నది ఒక్కో ఇంట్లో ఒక్కో తీరు. చిన్నపిల్లలున్న ఇంట్లో ముందే మేలు. కడుపు నిండితే వాళ్ల కళ్లు నిలవవు.

ఒక పాట, కొంత వాక్యం, కాసేపు ముచ్చట, వంతులవారీగా ప్రార్థన, చివర అందరూ కలిసి ప్రభువు నేర్పిన ప్రార్థన. పావుగంటలో కూడా అయిపోతుంది. చూసేవాళ్లకు ఇందులో నేర్చుకోవాల్సిన విద్య ఏదీ కనబడకపోవచ్చు. ఇద్దరు బిడ్డల తండ్రిగా నాకు తెలిసినంతలో, పిల్లల్ని పెంచడానికి మా పెద్దలు మాకు అప్పజెప్పిన వాటిలో దీన్ని మించింది లేదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎట్లా చేస్తారో, తండ్రి అయినవాడిని అది ఏం చేస్తుందో చెప్పాలని ఉంది.

నెక్కొండలో విజయవాడ వైపు రైలెక్కితే కేసముద్రం, మహబూబాబాద్, గార్ల దాటి డోర్నకల్ వస్తుంది. నిజాం కాలపు ఈ రైలుదారి 1889లో బెజవాడ దాకా చేరింది. 1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో, సొంత మనుషులతో ఒక మిషనరీ సంఘం పెట్టుకొని, పని చేయడానికి డోర్నకల్ ప్రాంతాన్ని ఎంచుకున్నారు. ఆ సంఘం పెట్టినవాళ్లలో ముఖ్యుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తమిళుడైన ఆయన తెలుగు నేర్చుకొని ఇక్కడే స్థిరపడ్డారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న కన్నుమూసేదాకా డోర్నకలే ఆయన ఊరు. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ ఎపిఫనీ కథీడ్రల్‌ని చూస్తే మన గుళ్ల స్తంభాలు, మసీదుల గుమ్మటాలు ఒకే కట్టడంలో కలిసి కనిపిస్తాయి.

ఆ రోజుల్లో బాప్తిస్మం తీసుకున్నవాళ్లు ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల కూలి జనం. అక్షరం వాళ్ల దాకా రానివ్వని కాలం. పుస్తకం చేతికిస్తే లాభం లేదు. ఊరికి వచ్చిన ఉపదేశి పగలు పిల్లలకు బడి చెప్పి, రాత్రి కూలి నుంచి వచ్చిన పెద్దలను కూర్చోబెట్టేవాడు. కథ చెప్పడం, దాని మీద ప్రశ్నలు అడగడం, అందరితో కలిపి పలికించడం, దాన్నే పాటగా పాడించడం. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన అట్లా నోటికి ఎక్కాయి. ఇప్పుడు మా ఇళ్లలో చాప మీద జరిగేది ఆ రాత్రి బడే. ఉపదేశి కూర్చున్న చోట తండ్రో తల్లో కూర్చుంటున్నారు, అంతే.

పాటతో మొదలుపెట్టడంలో పెద్దల ఆలోచన ఉంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే చాలా కీర్తనల మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఆ పుస్తకంలో పేరెన్నిక గన్న కవి పురుషోత్తమ చౌదరి. 1803లో పుట్టి 1890 దాకా బతికిన ఆయన, క్రైస్తవ భక్తిని తెలుగువాళ్లకు అలవాటైన పల్లవి, అనుపల్లవి, చరణాల్లో పోశారు. ఇంట్లో పాడేటప్పుడు ఈ కట్టుబాటు ఎంత ఉపయోగమో పిల్లలున్నవాళ్లకే తెలుస్తుంది. చరణం తెలిసినవాళ్లు చరణం అందుకుంటారు, పల్లవికి అందరూ కలుస్తారు. మాటలు రాని పసిబిడ్డ కూడా పల్లవి చివరి అక్షరం పట్టుకొని సాగదీస్తుంది. కంజీర ఉంటే కంజీర, లేకుంటే చప్పట్లు. ఏ పాట పాడాలో చెప్పే హక్కు మాత్రం పిల్లలకే వదలాలి. వాళ్లు సండే స్కూల్లోనో, ఎండాకాలం సెలవుల బైబిల్ బడి వీబీఎస్‌లోనో నేర్చుకున్న గంతుల పాటే అడుగుతారు. అడగనీయండి. ఒక రోజు వాళ్ల పాట, ఒక రోజు నాయినమ్మ పాట. ఫోన్లో పాట పెట్టి వినడం మాత్రం నాకు ఇష్టం ఉండదు. శ్రుతి తప్పినా ఇంటి గొంతులే కావాలి.

తర్వాత వాక్యం. ఒక అధ్యాయాన్ని మనిషికి రెండు మూడు వచనాల చొప్పున చుట్టూ తిప్పుతూ చదువుతాం. సంపూర్ణ తెలుగు బైబిల్ మొదట అచ్చయింది 1854లో. మనం చర్చిలో వినే భాషలో ఇప్పటికీ ఆ కాలపు పోకడ ఉంది. ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఆ గ్రాంథికం రాళ్ల బాట. వాళ్లు తడబడితే వెంటనే అందించకుండా కాసేపు ఆగాలి. పలికి, కూడబలుక్కొని, తామే దాటుతారు. బడిలో తెలుగు అంతంతమాత్రమైన ఈ రోజుల్లో చాలామంది క్రైస్తవ పిల్లలకు తెలుగు చదవడం గట్టిపడేది ఈ చాప మీదే అని నా నమ్మకం.

చదువు రానివాళ్ల వంతు వచ్చినప్పుడు దాటవేయరు. మా అమ్మకు అక్షరాలు రావు. ఆమె వంతు వస్తే నోటికి వచ్చిన బైబిల్ కీర్తనల్లోంచి రెండు వచనాలు చెబుతుంది. ఒకటో కీర్తన, ఇరవై మూడు, నూట మూడు, నూట ఇరవై ఒకటి ఆమెకు మొదటి నుంచి చివరి దాకా వస్తాయి. పుస్తకం చూసి చదివే మనవరాలు ఒక మాట మింగితే కళ్లు మూసుకునే సరిదిద్దుతుంది. బళ్లో మార్కులు తెచ్చుకునే పిల్లకు, సంతకం పెట్టలేని నాయినమ్మ దగ్గర తనకంటే ఎక్కువ ఉందని రోజూ తెలిసివస్తుంది. తిమోతి విశ్వాసం మొదట అతని అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉండేదని పౌలు రాశాడు. మా ఇళ్లలో ఇది కళ్లముందు జరిగే సంగతి.

చదివిన తర్వాత ముచ్చట. ఇక్కడ తండ్రి ప్రసంగం మొదలుపెడితే ఆ రాత్రి పోయినట్టే. పిల్లలు తల వంచుకొని కూర్చుంటారు, ఒక్కటీ చెవికెక్కదు. ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో దేవుని మాటలను పిల్లలకు ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు చెప్పమని ఉంది. అందులో ఎక్కడా వేదిక లేదు. రోజంతా చేసే పనుల నడుమ మాట్లాడమన్నారు. కాబట్టి ఇంటి ప్రార్థనలో ప్రశ్న పిల్లలది కావాలి.

ఆ ప్రశ్నలు ఎప్పుడూ బైబిల్ గురించే ఉండవు. పెత్రామాస దగ్గరపడితే మా పాప అడుగుతుంది, “నాయినా, పక్కింటోళ్లు బతుకమ్మ ఆడ రమ్మంటున్నరు, పోవాలా?” దీనికి సంఘాల్లో ఒకే జవాబు లేదు. మా ఇంట్లో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఎనిమిదో అధ్యాయం తీసి చదువుకున్నాం. విగ్రహాలకు అర్పించిన ఆహారం గురించి, ఒకరి జ్ఞానం ఇంకొకరి మనస్సాక్షిని గాయపరచకూడదన్న సంగతి గురించి అందులో ఉంది. తంగేడు, గునుగు తెచ్చివ్వడానికి పోతాం, చెరువు కట్ట దాకా తోడు వెళ్తాం, పూజలో మాత్రం కలవం. ఎందుకు కలవమో పక్కింటి వదినకు నేరుగా, మర్యాదగా చెప్పుకున్నాం. క్రిస్మస్‌కు మా ఇంటి మీద నక్షత్రం కట్టేటప్పుడు నిచ్చెన పట్టుకునేది వాళ్లబ్బాయే. ఇంకో ఇంట్లో తండ్రి వేరే గీత గీసుకోవచ్చు. పొరుగువాళ్లను తక్కువచేసే మాట ఏ తండ్రీ చాప మీద అనకూడదన్నదే నా పట్టుదల.

ఇంకొక ప్రశ్న స్కూలు ఫారంతో వస్తుంది. కులం గడిలో ఏం రాయాలి? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల గుర్తింపును మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవులైనవాళ్లు మన రాష్ట్రంలో బీసీ–సీ కింద వస్తారు. దానికి ఉన్న రిజర్వేషన్ ఒక్క శాతం. వాడలో ఇల్లు, బావి దగ్గర అవమానం ఉమ్మడివే అయినప్పుడు కాగితం మీద ఈ తేడా అన్యాయమని నేను అనుకుంటాను, పిల్లలకూ అదే చెబుతాను. కానీ చెప్పాల్సింది కోపం ఒక్కటే కాదు. మా తాతలు ఏ పేరుతో పిలిపించుకున్నారో, బాప్తిస్మం రోజున ఏ పేరు తీసుకున్నారో, దొర గడీ ముందు చెప్పులు విప్పి నడిచిన మనిషి రాత్రి ప్రార్థనలో తలెత్తుకొని పాడటం ఎట్లా నేర్చుకున్నాడో పిల్లలకు ఇంట్లోనే తెలియాలి. బయట తెలిసేది వేరే రకంగా తెలుస్తుంది.

ఇక ప్రార్థన. మా దగ్గర చిన్నవాళ్ల నుంచి మొదలై పెద్దవాళ్ల దాకా వస్తుంది. తండ్రిది ఆఖరి వంతు. ఈ వరుస చాలా ఇళ్లలో చూశాను, దీని విలువ నాకు పిల్లలు పుట్టాకే అర్థమైంది. తండ్రి ముందుగా చేస్తే పిల్లలు అతని మాటలే అప్పజెబుతారు. ఆఖరున చేస్తే, ముందు వాళ్లందరినీ వినాలి. చిన్నది పోయిన రబ్బరు గురించి, చచ్చిపోయిన కోడిపిల్ల గురించి ప్రార్థిస్తుంది. పెద్దవాడు లెక్కల పరీక్ష పేరు ఎత్తేవాడు. ఆ గొంతు విని అసలు భయం ఎక్కడుందో పోల్చుకోవచ్చు. పగలంతా “ఎట్లున్నవ్ బిడ్డా?” అని అడిగినా రాని జవాబు ఇక్కడ వస్తుంది. తండ్రి తన వంతులో వాటన్నిటినీ పేరు పేరునా మళ్లీ ఎత్తుకోవాలి. రబ్బరునూ వదలకూడదు.

పిల్లల తప్పులను ప్రార్థనలో చదవకూడదు. “దేవా, వీడికి అబద్ధాలాడని బుద్ధినివ్వు” అని బిడ్డ పక్కనే గట్టిగా అనడం ప్రార్థన కాదు, దేవుణ్ణి అడ్డం పెట్టుకొని కొట్టడం. తిట్టాల్సి ఉంటే పగటిపూట ముఖం చూసి తిట్టొచ్చు. తండ్రులు పిల్లలకు కోపం రేపవద్దని ఎఫెసీ పత్రికలో ఉన్న మాటను ఇంతకంటే సూటిగా ఉల్లంఘించే చోటు నాకు తోచదు. అట్లాగే ప్రార్థన మానేసిన రోజుకు శిక్ష వేయడం, శిక్షగా ప్రార్థన చేయించడం రెండూ పనికిరావు.

కొట్లాడుకున్న అన్నాచెల్లెళ్లు ప్రభువు ప్రార్థన మొదలయ్యేలోపు రాజీ పడాలన్నది ఇంకో ఆచారం. క్షమాపణ గురించిన వాక్యం ఆ ప్రార్థన మధ్యలోనే ఉంది కదా, అది పలకాలంటే ముందు చెయ్యి కలపాలి. మొగుడూ పెళ్లాలకూ ఇదే వర్తిస్తుంది. పిల్లలు గమనిస్తూనే ఉంటారు.

అప్పు సంగతి పిల్లల ముందు ప్రార్థించాలా? దీని మీద మా సంఘంలో తండ్రులు రెండుగా ఉంటారు. 2021–22లో మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడి, పూత పూతే రాలిపోయిన కాలం ఈ ప్రాంతంలో ఎవరూ మరువలేదు. పెట్టుబడి మట్టిలో పోయింది, ఎనుమాముల మార్కెట్‌కు తీసుకుపోవడానికి పంట లేదు. ఆ రోజుల్లో ఇళ్లలో ప్రార్థన రెండు తీర్లుగా సాగింది. కొందరు పిల్లలకు తెలియనీయలేదు. కొందరు అప్పును అప్పుగానే దేవుడి ముందు పెట్టారు. నేను రెండో పక్షం. అంకెలు చెప్పక్కరలేదు, షావుకారు పేరూ వద్దు. కానీ నాయినకు చేతకానిది ఒకటి వచ్చిందని, నాయిన కూడా మోకరించి ఇంకో తండ్రిని అడుగుతున్నాడని బిడ్డలు వినాలి. పెద్దగా అరిచే మనిషి రోజుకొకసారి తగ్గి అడిగేవాడిగా కనబడటం ఇంటికి మంచిది. దాచిపెట్టిన అప్పు కింద నలిగిన తండ్రులు ఏం చేసుకున్నారో ఈ జిల్లాకు తెలియనిది కాదు. వినేవాళ్లు నలుగురున్న చోట చెప్పుకోవడానికి ఒక వేళ ఉండటం చిన్న సంగతి కాదు.

ఇంటి ప్రార్థనకు చేతిపని కూడా ఒకటి తోడుంది. అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయడం. పిడికెడు బియ్యం అంటారు. ఆదివారం చర్చికి చేరుతుంది. అజరయ్య గారు ఇయ్యడం గురించి ఎంతగానో బోధించారు, దాని మీద పుస్తకమే రాశారు. దానం అందుకోవడానికే పుట్టారని లోకం అనుకున్న కూలివాళ్ల చేత ఆయన ఇప్పించారు. డబ్బాలో బియ్యం వేసే పని మా పాపది. గింజలు రాలకుండా రెండు చేతులతో వేస్తుంది. కోత పండుగ నాడు చర్చి ముందు వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, కోళ్లు వేలం వేస్తుంటే అందులో తన డబ్బా కూడా ఉందని అందరికీ చెబుతుంది.

చివరిగా మావాడి సంగతి. పదో తరగతికి వచ్చాక ఒక రాత్రి “నాకు నమ్మకం కుదరట్లేదు నాయినా, నోటితో ఊరికే చెప్పలేను” అన్నాడు. వాళ్లమ్మ కంటనీరు పెట్టుకుంది. మా చర్చి అయ్యగారిని అడిగితే, నమ్మకం నటించమని బిడ్డకు నేర్పవద్దు, చాప మీద చోటు మాత్రం తీసేయవద్దు అన్నారు. అదే చేశాం. ఇప్పుడు వాడు పాటకు కంజీర కొడతాడు, తన వచనాలు తప్పుల్లేకుండా చదువుతాడు, ముచ్చటలో అందరికంటే కష్టమైన ప్రశ్నలు వాడివే. కొన్నిటికి నా దగ్గర జవాబు ఉండదు, అయ్యగారిని అడిగి చెప్తానంటాను, అడిగి చెప్తాను. ప్రార్థన వంతు వాడి దాకా వస్తే తల అడ్డంగా ఊపుతాడు. పక్కనున్న నాయినమ్మ అందుకుంటుంది. ఆమె తర్వాత వాళ్లమ్మ, ఆ తర్వాత నేను.