తొలి నిరాశ తరువాత: అనిమే సిఫారసులో అధికారి నిర్ణయం

వ్యాససంగ్రహం

జపాన్ యానిమేషన్ ధారావాహికను తొలిసారి చూసి నిరాశ చెందిన తెలుగు ప్రేక్షకునికి రెండవ రచనను ఏ ప్రాతిపదికపై సూచించాలన్నది ఈ వ్యాస విషయం. శాస్త్రగ్రంథాలలోని అనుబంధచతుష్టయాన్ని, అందులోనూ ‘అధికారి’ అనే భావనను ఆధారంగా తీసుకొని, నిరాశకు కారణాన్ని గుర్తించడమే సిఫారసులో తొలి మెట్టని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అనిమే, అధికారి, పూర్వకథ, తెలుగు డబ్బింగ్, సిఫారసు, విమర్శ.

1. ఉపోద్ఘాతం

జపాన్‌లో ‘అనిమే’ అంటే యానిమేషన్ అంతా. ఇతర దేశాలలో ఆ మాట జపాన్‌లో తయారైన యానిమేషన్‌కు మాత్రమే స్థిరపడింది. తెలుగు ఇళ్లకు ఇది పూర్తిగా కొత్తది కాదు. డోరేమాన్, షిన్‌చాన్ వంటి పాత్రలు పిల్లల చానెళ్ల ద్వారా ఎప్పుడో పరిచయమయ్యాయి. కౌమారం దాటినవారిని ఉద్దేశించిన రచనలు తెలుగు మాటలతో రావడం మాత్రం ఇటీవలి పరిణామం.

హైదరాబాద్ తూర్పు అంచున, వరంగల్ రహదారి మీద ఉన్న అన్నోజిగూడ వంటి ప్రాంతాన్ని ఈ సందర్భంలో గమనించవచ్చు. ఒకవైపు పోచారం సాఫ్ట్‌వేర్ ప్రాంగణం, మరొకవైపు ఘట్‌కేసర్ పరిసరాల ఇంజనీరింగ్ కళాశాలలు. ఉద్యోగులు, విద్యార్థులు గదులు పంచుకొని ఉండే ఇటువంటి చోట ఏది చూడాలన్నది పత్రికా సమీక్షకన్నా గదిలోని స్నేహితుని మాటే ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఆ మాట విని చూసినవాడు “బొమ్మలు అరుచుకోవడం తప్ప ఇందులో ఏముందిరా?” అని పెదవి విరుస్తాడు. చూపినవాడు “ఇంకో ఇరవై ఎపిసోడ్లు ఓపిక పట్టు” అంటాడు. మొదటివాడు ఒక్క రచనను బట్టి ఒక కళారూపాన్ని తీసిపారేస్తున్నాడు. రెండవవాడు ఎదుటివాని అభిరుచిని లోపంగా చూస్తున్నాడు. ఈ రెండు తీర్పులూ తొందరపాటువే.

2. అధికారి ఎవరు?

గ్రంథారంభంలో విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగింటిని చెప్పడం మన శాస్త్రకారుల సంప్రదాయం. గ్రంథం దేని గురించి, దేనికోసం, ఆ రెండింటికీ పొందిక ఏమిటి, ఎవరికోసం అన్నవి ఆ నాలుగు ప్రశ్నలు. అనిమే సిఫారసులలో సాధారణంగా మొదటిదానికే సమాధానం దొరుకుతుంది. కథ ఏమిటో చెబుతారు, ఎంత గొప్పదో చెబుతారు. ఎవరికి, ఏ పూర్వపరిచయం ఉన్నవారికి అన్నది చెప్పరు.

వేదాంతంలో అధికారి అంటే తగిన యోగ్యత గలవాడు. కళాస్వాదన విషయంలో దీనిని హెచ్చుతగ్గుల కొలతగా కాక, సిద్ధతగా గ్రహించాలి. ఒక రచనకు అధికారి కానివాడు మరొక రచనకు అధికారి కావచ్చు. ఆ సిద్ధతను అంచనా వేయవలసిన బాధ్యత సూచించేవానిదే తప్ప చూసేవానిది కాదు.

3. ఒకే సంవత్సరంలో రెండు ద్వారాలు

2025లో తెలుగు ప్రేక్షకుల ముందుకు రెండు రచనలు వచ్చాయి. యుగో సాకో పూనికతో భారత్, జపాన్ కళాకారులు కలిసి 1990లలో రూపొందించిన ‘రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ జనవరిలో తెలుగు డబ్బింగ్‌తోనూ థియేటర్లలో విడుదలైంది. సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’ కూడా తెలుగులో వచ్చింది.

మొదటి చిత్రంలో గీతల శైలి తెలుగువారికి కొత్తది, కథ కొత్తది కాదు. తాటక ఎవరు, కైక ఏమి కోరింది అని ఎవరూ అడగరు. రెండవ చిత్రం 2019లో మొదలైన ధారావాహికకు కొనసాగింపు. దాని వెనుక 63 టెలివిజన్ ఎపిసోడ్లు ఉన్నాయి. సుమారు రెండున్నర గంటల ఈ చిత్రం ప్రేక్షకుణ్ణి నేరుగా యుద్ధంలోకి దించుతుంది. తంజిరో, గియూ కలిసి అకాజాతో చేసే పోరాటం ఇందులో భావకేంద్రం. అకాజా గతాన్ని ఈ చిత్రమే విపులంగా చూపుతుంది. కానీ ఆ పోరులో తంజిరో ఆవేదనకు మూలం అంతకుముందు ‘ముగెన్ ట్రైన్’ కథలో జరిగిన రెంగోకు మరణం. అది తెలియనివానికి శత్రువు కన్నీరు కనిపిస్తుంది, నాయకుని కోపం మాత్రం కేవలం అరుపుగా మిగులుతుంది. దీనితో అనిమే చూడడం మొదలుపెట్టి నిరాశ చెందినవాడు రసజ్ఞత లేనివాడు కాడు. అతనికి అందనిది పూర్వకథ.

కథను నడుమనుంచి ఎత్తుకోవడం మనకు పరాయి పద్ధతి కాదు. పద్యనాటకంలో రాయబార ఘట్టాన్ని మాత్రమే ఆడినా తెలుగు ప్రేక్షకులు ఆస్వాదించారు. జూదం, వస్త్రాపహరణం, అరణ్యవాసం వారి మనసులో ముందే ఉన్నాయి. భారతం ఎరుగని జపాన్ ప్రేక్షకుణ్ణి ఆ పందిరిలో కూర్చోబెడితే అతనికీ రాగాలాపన తప్ప మరేమీ అందదు. రెండుచోట్లా లోపం ఒక్కటే.

4. నిరాశ రకాలు, తగిన సూచనలు

నిరాశ అంతా ఒకటి కాదు. కనీసం మూడు రకాలను వేరుచేయవచ్చు.

4.1 పూర్వకథ అందకపోవడం: ఇటువంటివారికి ఏ ఎపిసోడ్‌కు ఆ ఎపిసోడ్ పూర్తయ్యే రచన తగినది. ‘ముషిషి’ (2005–06) 26 ఎపిసోడ్లది. గింకో అనే సంచారి ఊరూరా తిరుగుతూ, మొక్కలూ జంతువులూ కాని ‘ముషి’ అనే ప్రాణుల వల్ల మనుషులకు కలిగే బాధలను పరిశీలిస్తాడు. ఏ ఎపిసోడ్‌తోనైనా ప్రారంభించవచ్చు. అయితే దీని నడక నెమ్మది. ఆ మాట ముందే చెప్పాలి.

4.2 కేకలు, పోరాటాలు విసుగు కలిగించడం: నవోకి ఉరసావా రచన ఆధారంగా వచ్చిన ‘మాన్‌స్టర్’ (2004–05) ఇక్కడ పనికివస్తుంది. జర్మనీలో పనిచేసే జపాన్ వైద్యుడు టెన్మా, నగర మేయరుకు బదులు ముందుగా వచ్చిన బాలునికి శస్త్రచికిత్స చేసి బ్రతికిస్తాడు. ఆ బాలుడే తరువాత హంతకుడని తెలుస్తుంది. అద్భుతశక్తులు లేవు. ధర్మసంకటమే కథ. 74 ఎపిసోడ్ల నిడివిని దాచకూడదు. తొలి ఎపిసోడ్లలోనే సంకటం స్పష్టమవుతుంది గనుక ఇష్టాయిష్టాలు త్వరగా తేలిపోతాయి.

4.3 ‘ఇది పిల్లలది’ అన్న భావన: దీనికి ‘షోవా గెన్‌రోకు రకుగో షింజూ’ (2016–17) మంచి సమాధానం. రకుగో కళాకారుడు దిండుపై కూర్చొని, విసనకర్ర, చేతిగుడ్డ మాత్రమే సాధనాలుగా ఒక్కడే అన్ని పాత్రలూ అవుతాడు. ఆదిభట్ల నారాయణదాసు తీర్చిదిద్దిన హరికథను ఎరిగినవారికి ఏకపాత్ర కథనం సుపరిచితమే. భాగవతార్ నిలబడి గజ్జెకట్టి ఆడతాడు, రకుగో కళాకారుడు కూర్చున్నచోటు కదలడు. ఆదరణ తగ్గుతున్న కళ, గురుశిష్యుల అసూయానురాగాలు, వృద్ధాప్యం ఇందులో వస్తువులు. హరికథను అభిమానించే పెద్దలకు కూడా దీనిని నిస్సంకోచంగా చూపవచ్చు.

భాష విషయం కూడా ఇక్కడ చెప్పదగినది. జపాన్ భాషలో వరుసలు, గౌరవవాచకాలు సంబంధాల స్వభావాన్ని తెలుపుతాయి. ఇంగ్లీషులో అవి చాలావరకు జారిపోతాయి. తెలుగులో ‘అన్నయ్య’, ‘గారు’, ‘నువ్వు’, ‘మీరు’ సిద్ధంగా ఉన్నాయి. ఇంగ్లీషు డబ్బింగ్‌లో పొడిగా తోచిన రచనను తెలుగులోనో, ఉపశీర్షికలతో జపాన్ భాషలోనో మరొకసారి చూడమనడం సమంజసం.

5. ఓపిక వాదం

కొన్ని రచనలకు దీర్ఘపరిచయం అవసరమన్నది నిజమే. 1999లో మొదలై వెయ్యికి పైగా ఎపిసోడ్లు దాటిన ‘వన్ పీస్’ అందుకు ఉదాహరణ. మహాభారతం కూడా పొట్టిది కాదు గదా అనవచ్చు. కాని భారతంలో ప్రతి ఉపాఖ్యానమూ తన రసాన్ని తాను అందిస్తుంది. చివరి ఫలం కోసం ముందున్నదంతా భరించమనదు. కొత్తవానికి చేసే సూచనలో తొలి గంటలోనే కొంత ఫలం అందాలి. ఓపిక అభిమానంనుంచి పుడుతుంది. అభిమానం పుట్టకముందే ఓపికను కోరడం తలక్రిందుల వ్యవహారం.

6. ముగింపు

• తొలి నిరాశను ఖండించకుండా, ఏది నచ్చలేదో అడిగి తెలుసుకోవాలి.
• ఆ కారణాన్ని బట్టి ఒకే ఒక రచనను సూచించాలి. పది పేర్ల జాబితా ఎంపిక భారాన్ని తిరిగి కొత్తవానిమీదే వేస్తుంది.
• నిడివి, నడక, హింస వంటి అంశాలను ముందే చెప్పాలి.
• తగిన రచనను తగిన భాషలో చూసిన తరువాత కూడా నచ్చకపోతే, దానిని తీర్పుగా గౌరవించాలి.

తెలుగు డబ్బింగ్ వల్ల ఈ కళారూపానికి కొత్త ప్రేక్షకులు వస్తున్నారు. వారు నిలుస్తారా, ‘బొమ్మల గోల’ అని వెనుదిరుగుతారా అన్నది రచనల నాణ్యతపై ఎంత ఆధారపడుతుందో, తొలి సిఫారసులోని వివేకంపైనా అంత ఆధారపడుతుంది. ఆ వివేకానికి కావలసిన పరిభాష మన అలంకార, శాస్త్ర సంప్రదాయాలలో ఉంది. దానిని ఈ కొత్త కళకు అన్వయించడం తెలుగు విమర్శ చేయవలసిన పని.