మాట రానంత మాత్రాన

దుమ్ముగూడెం, చర్ల వైపు కోయగూడెం నుంచి ఒకటో తరగతికి వచ్చిన బిడ్డ అడిగినదానికి బదులు చెప్పకపోతే, బుర్రకెక్కడం లేదని తేల్చేస్తాం. అదెంత తొందరపాటో ఒక్క వాక్యంతో తెలుస్తుంది. ‘అక్కలు వచ్చాయి’ అని ఆ బిడ్డ తెలుగులో అన్నదనుకుందాం. వెంటనే దిద్దుతాం. తెలుగు ‘అక్క వచ్చింది’, ‘ఆవు వచ్చింది’ అంటూ ఏకవచనంలో రెంటినీ ఒకే గాటన కట్టి, బహువచనానికి వచ్చేసరికి ఆడవాళ్లను మగవాళ్లతో కలిపేస్తుంది. గోండీకి దగ్గరి చుట్టమైన కోయ అలా చేయదు. అక్కడ బహువచనంలోనూ మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లూ పశువులూ వస్తువులూ మరో వైపు. అంటే ఆ బిడ్డ తనకు తెలిసిన సూత్రాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. మనం తప్పు అంటున్నది అచ్చమైన తర్కాన్ని. గోదావరి ఒడ్డు గొమ్ము కోయల మాటకు స్టీఫెన్ టైలర్ రాసిన వ్యాకరణం 1969లోనే అచ్చయింది. ఈ మాత్రం ఎరుక ప్రతి ఏజెన్సీ టీచరుకూ ఉండాలి.

భాష లేకపోతే ఆలోచనే లేదు కదా అంటారు కొందరు. రోజ్‌మెరీ వార్లీ బృందం 2005లో ప్రచురించిన పరిశోధన ఆ నమ్మకాన్ని కదిలించింది. మెదడు దెబ్బతిని వాక్యనిర్మాణం పోగొట్టుకున్న ముగ్గురు, ఎవరు ఎవరిని తరిమారో వాక్యం చూసి చెప్పలేకపోయినా, అంకెల తీసివేతలో ఏది ముందో ఏది వెనకో పోల్చుకున్నారు, బ్రాకెట్ల లెక్కలు చేశారు. వాళ్లు పెద్దవాళ్లు, అంతకుముందు మాట నేర్చినవాళ్లే కదా అనవచ్చు. నిజమే, మాట అసలే లేకుండా లెక్క పుడుతుందని దీన్నిబట్టి చెప్పలేం. అయితే కోయబిడ్డ మాట లేని బిడ్డ కాదు. నిండైన భాషతోనే బడికొచ్చింది, అది మనకు రాదు, అంతే.

తల్లిదండ్రులే తెలుగు, ఇంగ్లీషు కావాలంటున్నారన్న అభ్యంతరం బలమైనది. భద్రాచలం ఆస్పత్రిలోనూ కోర్టులోనూ కోయతో పని జరగదు మరి. తెలుగు రావాల్సిందే. ఏది ముందన్నదే నా పట్టు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో కోయతో కలిపి 8 గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టింది. సాధ్యమైనంతవరకు మాతృభాషలోనే బోధించాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. కోయ, లంబాడీ, తెలుగు పిల్లలు ఒకే గదిలో ఉంటే ఎలా అన్నది ఇంకా గట్టి ప్రశ్న, దానికి తేలిక జవాబు లేదు. కోయ వచ్చిన టీచర్లను కోయగూడేలకే వేయడం మాత్రం ఈ ఏడాదే చేయగల పని. అంతవరకు, కోయలో అడిగి కోయలో జవాబు వినకుండా ఏ బిడ్డనూ వెనకబడినట్టు రిజిస్టర్లో రాయకూడదు.