'దీక్ష': పాఠముల కొట్టా, బోధన సహాయమా?

భారత ప్రభుత్వము 2017లో ప్రారంభించిన 'దీక్ష' అంతర్జాల వేదిక జ్ఞాన నిర్వహణకు మంచి ఉదాహరణము. పాఠ్యపుస్తకములోని క్యూఆర్ గుర్తుకు ఫోను చూపినచో, ఆ పాఠపు వీడియోలు, అభ్యాస ప్రశ్నలు ప్రత్యక్షమగును. తరగతి, మాధ్యమము, విషయము, పాఠము అను వరుసలో ప్రతి అంశమును వర్గీకరించుటయే ఇందలి కీలకము. గ్రంథాలయమున సూచిక చేయు పని ఇదియే. వెదకుట సులువైనది, ఇది మెచ్చదగినది.

అయితే జ్ఞానమంతయు వ్రాతలో ఇమడదు. అనుభవమున దాగియున్న అవ్యక్త జ్ఞానమును మైకేల్ పొలాన్యీ 1966 నాటి గ్రంథమున వివరించెను. దానిని వ్యక్తపరచి పదుగురికి అందించుట సంస్థలకు బలమని జపాను పండితులు నొనాకా, తకెయుచి 1995లో వాదించిరి.

ఒక విద్యార్థి 1/2 + 1/3 = 2/5 అని వ్రాసెననుకొందము. తప్పని చెప్పుట యంత్రమునకు తేలిక. పైవానిని పైవానితో, క్రిందివానిని క్రిందివానితో కూడినాడని అనుభవము గల ఉపాధ్యాయుడు వెంటనే గ్రహించును. కాగితము మడిచి చూపి, "సగమునకు మరికొంత కలిపినచో సగముకంటె తగ్గునా?" అని అడుగును.

ఇట్టి తప్పులు, వాని కారణములు, సవరణలు కూడ పాఠము ప్రక్కనే చేరవలెను. వేదిక విలువను వీడియోల సంఖ్యతో గాక, చేరిన ఈ అనుభవముతో కొలువవలెను. అది లేనిచో ఎంత చక్కగా సర్దినను కొట్టు కొట్టే.