రాయిని బోర్లించి చూడండి

వజ్రాల కమ్మలు కొనడానికి తోడు రమ్మని బంధువులు అడిగితే కాదనలేను. రాళ్లు చూడటమంటే నాకంత ఇష్టం. దుకాణం దీపాల కింద ప్రతి రాయీ తళుక్కుమంటుంది. ఆ తళుకంతా సానపట్టిన తీరుది. రంగు సంగతి అది చెప్పదు సరికదా, దాచేస్తుంది. అందుకే ముందు ఓ తెల్ల కాగితం అడుగుతాను. దాన్ని మధ్యకు మడిచి, ఆ మడతలో రాయిని బోర్లించి, కిటికీ వెలుతురులో పక్కనుంచి చూడాలి. అప్పటిదాకా మల్లెపువ్వులా మెరిసిన రాయిలో లేత పసుపు జీర బయటపడుతుంది. మన ఒంటి మీది బట్టల రంగు కూడా రాయిలోకి దిగుతుంది కాబట్టి, ఎర్ర పట్టుచీర కట్టుకుని వెళ్లొద్దు.

ఆ పసుపుకు కారణం నత్రజని. భూమి లోతుల్లో కర్బనం వజ్రంగా మారేటప్పుడు అందులో కలిసిన కాస్త నత్రజని నీలి కాంతిని పీల్చేసుకుంటుంది. కృష్ణాతీరంలోని మన గోల్కొండ గనుల్లో దొరికిన మేటి రాళ్లు కొన్నింటిలో ఆ నత్రజని దాదాపు లేదు. గోల్కొండ వజ్రమంటే వేలంపాటల్లో నేటికీ అంత మోజు అందుకే. అక్కడి కొల్లూరు గనిదని చెప్పే హోప్ వజ్రం మాత్రం బోరాన్ వల్ల నీలమైంది.

అమెరికాలోని రత్నశాస్త్ర సంస్థ జీఐఏ 1950ల్లో డీ నుంచి జెడ్ దాకా రంగుకు మెట్లు కట్టింది. డీ, ఈ, ఎఫ్ రంగులేనివి. జీ నుంచి జే వరకు దాదాపు రంగులేనివి. అక్కడి నిపుణులూ నమూనా రాళ్ల పక్కన బోర్లించి చూసే మెట్టు తేలుస్తారు. డీకీ ఈకీ తేడా ఆరితేరిన కళ్లకే అందుతుంది. ధరలో మాత్రం అందరికీ తెలుస్తుంది.

ఏడు రాళ్ల కమ్మలకు డీ అక్కర్లేదని గట్టిగా చెబుతాను. పసుపు బంగారంలో, వెనక మూసేసిన కట్టుడులో జీ, హెచ్ చక్కగా తెల్లగానే కనిపిస్తాయి. బంగారం ఛాయ ఎలాగూ రాయిలోకి దిగుతుంది. కావలసింది రెండు కమ్మల్లోని 14 రాళ్లూ ఒకే ఛాయలో ఉండటం. హెచ్‌ల మధ్య ఒక్క కే పడితే కన్ను దాని మీదే ఆగుతుంది. కేల మధ్య డీ పడినా అంతే, మిగతావన్నీ పసుపెక్కినట్టుంటాయి. కాబట్టి పొదగకముందే అన్నింటినీ వరసగా కాగితం మీద బోర్లించమనండి. పొదిగాక పక్కనుంచి చూసే వీలుండదు.

ప్లాటినంలో ఒంటిరాయి ఉంగరమైతే లెక్క వేరు. తెల్ల లోహం పక్కన పసుపు దాగదు, రాయి పెద్దదయ్యేకొద్దీ ఇంకా తెలుస్తుంది. గుండ్రటి బ్రిలియంట్ కోత కొంత కప్పిపెడుతుంది. వెడల్పాటి పలకలుండే ఎమరాల్డ్ కోత అదీ చేయదు. అక్కడ జీతో సరిపెట్టుకోకండి, ఎఫ్ అడగండి.